ఆ కొండ... ఎక్కడానికి కాదు!

చుట్టూ కనుచూపుమేర ఎర్రటి ఇసుక. మధ్యలో ఒకే ఒక్క రాయి. తెల్లవారకముందు నల్లటి ఏనుగులా పడుకుని ఉంటుంది. పొద్దు పొడుస్తుంటే నిప్పుకణికలా రాజుకుంటుంది. మధ్యాహ్నానికి ఇటుక రంగు, మాపటికి ఊదా... ఒక్క రోజులో ఇన్ని వేషాలు వేసే ఆ కొండను చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఒకప్పుడు వచ్చినవాళ్లు వచ్చినట్టే దాని నెత్తికెక్కేవారు. ఇప్పుడు ఎవరూ ఎక్కరు. ఆ ఒక్క మార్పు కోసం అక్కడి ఆదివాసులు తరాలు తరాలుగా చేతులు జోడించి అడిగారు!

ఉలూరు... పేరు వింటే మన ఏలూరుకో గుంటూరుకో పక్కనున్న ఊరే అనిపిస్తుంది. కానీ అది ఊరు కాదు, కొండ. ఆస్ట్రేలియా పటం మీద నట్టనడుమ వేలు పెడితే దాదాపు అక్కడే ఉంటుంది. దగ్గర్లోని పట్నం ఆలిస్ స్ప్రింగ్స్. దగ్గర అంటే, రోడ్డు మీద సుమారు 450 కిలోమీటర్లు! విజయవాడ నుంచి తిరుపతి వెళ్లేదానికన్నా ఎక్కువ దూరమే. దారిపొడవునా ఎర్రమట్టి, ముళ్లగడ్డి పొదలు, అక్కడక్కడా ఎడారి చెట్లు. అలా వెళ్తూ వెళ్తూ ఉండగా, నేలలోంచి ఎవరో పైకి తోసినట్టు ఆ రాయి కనిపిస్తుంది. దాని ఎత్తు 348 మీటర్లు. ఈఫిల్ టవర్‌ని పక్కన నిలబెట్టినా కాస్త పొట్టిగానే ఉంటుంది. చుట్టుకొలత 9.4 కిలోమీటర్లు. ఇంతా చేస్తే మనకు కనిపించేది కొంతే. నేల లోపల ఇంకా కొన్ని కిలోమీటర్ల లోతువరకూ అది ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

దీని పుట్టుక కథ చిత్రంగా ఉంటుంది. దాదాపు 55 కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడికి దగ్గర్లో పెద్ద పర్వతాలుండేవి. వానలకు అవి కరిగి, కొట్టుకొచ్చిన ఇసుక మేటలు వేసింది. ఆ తర్వాత దానిమీదికి సముద్రమొచ్చింది. ఆ బరువుకు ఇసుక గట్టిపడి రాయైంది. కోట్ల ఏళ్లు గడిచాక భూమి పొరలు ముడుచుకుని ఆ రాయి ఒక పక్కకి తిరగబడింది. అందుకే అడ్డంగా ఉండాల్సిన పొరలు ఉలూరులో దాదాపు నిట్టనిలువుగా కనిపిస్తాయి. మరి ఆ ఎరుపు? నిజానికి ఉలూరు అసలు రంగు బూడిద. రాతిలోని ఇనుముకు గాలీ నీరూ తగిలి తుప్పుపట్టడంతో పైకి అలా ఎర్రగా మారింది. ఇప్పటికీ గుహల లోపలికి తొంగిచూస్తే అసలు రంగు కనిపిస్తుంది.

రెండు పేర్ల కొండ

1873 జులైలో విలియం గాస్ అనే సర్వేయరు ఈ కొండను చూశాడు. అప్పటి దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వంలో చీఫ్ సెక్రటరీగా ఉన్న సర్ హెన్రీ ఏయర్స్ పేరు పెట్టేశాడు. అలా అది 'ఏయర్స్ రాక్' అయింది. ఆయనతో కలిసి కొండెక్కినవాడు కమ్రాన్ అనే ఒంటెలవాడు. ఆ రోజుల్లో ఎడారి దాటాలంటే ఒంటెలే దిక్కు. వాటిని తోలడానికి అఫ్గానిస్థాన్ నుంచీ, అప్పటి బ్రిటిష్ ఇండియాలోని బలూచిస్థాన్, పంజాబ్, సింధ్ ప్రాంతాల నుంచీ మనుషుల్ని తీసుకెళ్లేవారు. అందరినీ కలిపి అక్కడివాళ్లు 'ఘాన్'లనేవారు. ఇప్పుడు అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ మీదుగా డార్విన్ వెళ్లే రైలు పేరు 'ద ఘాన్' కావడం వెనక కథ ఇదే.

అయితే గాస్ పేరు పెట్టడానికి వేల ఏళ్ల ముందే ఆ కొండకో పేరుంది. దాన్ని కంటికిరెప్పలా కాచుకునే మనుషులూ ఉన్నారు. వాళ్లే అనంగులు. పిజంజజర, యంకుంజజర భాషలు మాట్లాడతారు. ఆ భాషల్లో 'అనంగు' అంటే మనుషులు అని అర్థం. ఈ ప్రాంతంలో వాళ్ల పూర్వీకులు 30 వేల ఏళ్లకు పైగా ఉన్నారని చెబుతారు. 1993లో ప్రభుత్వం రెండు పేర్లనూ కలిపి 'ఏయర్స్ రాక్ - ఉలూరు' అని అధికారికంగా గుర్తించింది. 2002లో వరస మార్చి ఉలూరును ముందుకు తెచ్చింది.

రాతిమీద రాసిన ధర్మం

మనకు ప్రతి క్షేత్రానికీ ఓ స్థలపురాణం ఉన్నట్టే ఉలూరుకీ ఉంది. కాకపోతే ఇక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. కొండే గుడి, కొండే పురాణం. అనంగులు దాన్ని 'జుకుర్‌పా' అంటారు. లోకం ఎలా పుట్టిందో చెప్పే కథలూ, మనిషి ఎలా బతకాలో చెప్పే ధర్మమూ, నేలనూ నీటినీ చెట్టునూ ఎలా చూసుకోవాలో చెప్పే పాఠమూ... అన్నీ కలిస్తే జుకుర్‌పా. వాళ్లకు లిపి లేదు. అందుకే ఆ పాఠాలన్నిటికీ ఉలూరే పుస్తకం. ఆ రాతిమీద ఉన్న ప్రతి పగులుకీ, ప్రతి గుంటకీ ఓ కథ ఉంది.

కొండకు దక్షిణాన ముటిజులు అనే నీటిగుంట ఉంది. దాని పక్క రాతిమీద పాములా మెలికలు తిరిగిన ఆకారం కనిపిస్తుంది. అది కునియా అనే కొండచిలువ తల్లి అంటారు అనంగులు. గుడ్లను దండలా మెడలో వేసుకుని ఎంతో దూరం నుంచి వచ్చిందట ఆమె. ఇంతలో లీరు అనే విషసర్పాల దండు ఆమె మేనల్లుణ్ని ఈటెలతో పొడిచింది. అడగడానికి వెళ్తే లీరు వీరుడు వెక్కిరించాడు. కోపం పట్టలేక ఆమె అతని తలమీద కొట్టింది. ఒకటి చిన్న దెబ్బ, రెండోది చావుదెబ్బ. రాతిమీద ఇప్పటికీ రెండు పగుళ్లున్నాయి. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది!

మరో కథ లుంకటా అనే నీలినాలుక బల్లిది. వేరేవాళ్లు వేటాడిన ఈము పక్షిని దొంగిలించి, వాళ్లు వచ్చి అడిగితే 'నేను చూడలేదే' అన్నాడట. అడుగుజాడలు పట్టుకుని వాళ్లు తరుముకొస్తే కొండమీది గుహలోకి పాకాడు. వాళ్లు కింద మంట పెట్టారు. పొగకు ఉక్కిరిబిక్కిరై దొర్లుకుంటూ కిందపడి రాయైపోయాడు. దొంగతనం, అబద్ధం, అత్యాశ... మూడూ ఎందుకు కూడదో పిల్లలకు ఇంతకన్నా బాగా ఎలా చెబుతాం!

ఇవన్నీ అనంగులు బయటివాళ్లకు చెప్పే కథలు. అసలు లోతు వేరే ఉంది. వయసునీ అర్హతనీ బట్టి పెద్దలు కొద్దికొద్దిగా ఉపదేశిస్తారు. మగవాళ్లకే తెలిసేవి కొన్ని, ఆడవాళ్లకే తెలిసేవి కొన్ని. డబ్బిచ్చి అడిగినా చెప్పరు.

'చీమలు' వచ్చాయి

1950లలో పర్యటకుల రాక పెరిగింది. కొండ పక్కనే మోటళ్లు, విమానాల కోసం చదునుచేసిన నేల వచ్చాయి. 1964లో కొండ పడమటి వైపు ఇనుప స్తంభాలు పాతి గొలుసు బిగించారు. అది పట్టుకుని జనం బారులుతీరి ఎక్కుతుంటే కిందినుంచి చూసిన అనంగులు వాళ్లకో పేరు పెట్టారు... 'మింగా' అని. అంటే చీమలు!

నవ్వుతూ పెట్టిన పేరే అయినా వెనక బాధ ఉంది. గొలుసు వేసిన ఆ దారి ఏదో కాదు. జుకుర్‌పా ప్రకారం, మాలా అనే చిన్న వాలబీల రూపంలోని పూర్వీకులు ఉలూరుకి వచ్చినప్పుడు క్రతువు కోసం ఎక్కిన దారి. పైగా వచ్చిన అతిథికి ఏమీ కాకుండా చూసుకోవడం ఇంటివాళ్ల బాధ్యత అన్నది అనంగుల ధర్మం. కానీ ఏటవాలు రాతిమీద జారిపడీ, ఎండకు గుండె ఆగీ 1950ల నుంచి 35 మందికి పైగా చనిపోయారు. అలా ఒకరు పోయినప్పుడల్లా 'మా గడపలో ప్రాణం పోయింది' అని వాళ్లు కుమిలిపోయేవారు. పైన మరుగుదొడ్లు లేవు. వానొస్తే జనం వదిలిన మలినమంతా కొట్టుకొచ్చి కింద జంతువులు తాగే నీటిగుంటల్లో కలిసేది.

1983లో అప్పటి ప్రధాని బాబ్ హాక్ ఉలూరును తిరిగి అనంగులకు ఇస్తామన్నాడు. కొండెక్కడం ఆపుతామనీ మాటిచ్చాడు. 1985 అక్టోబరు 26న గవర్నర్ జనరల్ సర్ నీనియన్ స్టీఫెన్ చేతులమీదుగా పట్టా అందింది. ఆ వెంటనే అనంగులు ఆ నేలను జాతీయ పార్కు కోసం 99 ఏళ్లకు ప్రభుత్వానికే లీజుకిచ్చారు. భూమి వాళ్లదైంది. కానీ 'ఎక్కొద్దు' అన్న మాట మాత్రం ఒప్పందంలోకి రాలేదు!

అయినా వాళ్లు ఘర్షణకు దిగలేదు. కొండ మొదట్లో ఓ బోర్డు పెట్టారు. ఇది మాకు పవిత్రం, దయచేసి ఎక్కకండి అన్నది దాని సారాంశం. ఆజ్ఞ కాదు, విన్నపం. 1990ల్లో దాన్ని చదివీ చదవనట్టే ఎక్కినవాళ్లే ఎక్కువ. కానీ నెమ్మదిగా మార్పు వచ్చింది. ఎక్కేవాళ్లు 20 శాతం కన్నా తగ్గితే దారి మూసేయొచ్చని 2010లో వచ్చిన పార్కు ప్రణాళిక చెప్పింది. 2015 నాటికి ఆ సంఖ్య 16 శాతం దగ్గరకొచ్చింది. 2017 నవంబరు 1న అనంగులే ఎక్కువమంది ఉన్న పార్కు మండలి, ఇక ఎక్కడం బంద్ అని ఏకగ్రీవంగా తీర్మానించింది.

2019 అక్టోబరు 25... ఆఖరి రోజు. ఇదే చివరి అవకాశం అంటూ వందలమంది వరసకట్టారు. పొద్దున్నే గాలి బలంగా వీచి దారి తెరవడం ఆలస్యమైంది. కొండే వద్దంటోందా అనిపించేలా! ఆ సాయంత్రం చివరి మనిషి దిగాక గేటు మూసేశారు. మర్నాటికి పట్టా చేతికొచ్చి సరిగ్గా 34 ఏళ్లు. ఆ తర్వాత గొలుసు కూడా పీకేశారు. లక్షల పాదాలు అరగదీసిన గీత మాత్రం రాతిమీద తెల్లగా ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఇసుక చెప్పిన సాక్ష్యం

అనంగుల మాట వినకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం ఇక్కడే జరిగింది. 1980 ఆగస్టు 17 రాత్రి ఉలూరు పక్కన గుడారం వేసుకున్న ఓ కుటుంబంలో తొమ్మిది వారాల పసిపాప అజారియా మాయమైంది. డింగో... అంటే అక్కడి అడవి కుక్క ఎత్తుకుపోయిందని తల్లి లిండీ చాంబర్లిన్ మొత్తుకుంది. ఆదివాసి జాడగాళ్లు ఇసుకలో అడుగులు చూసి, డింగో ఏదో బరువు మోసుకెళ్లిందనే చెప్పారు. ఇసుకను అక్షరాల్లా చదవగలిగిన వాళ్ల మాటకు న్యాయస్థానంలో తగిన విలువ దక్కలేదు. 1982లో తల్లికే యావజ్జీవ శిక్ష పడింది.

1986లో కొండమీది నుంచి జారిపడిన ఓ పర్యటకుడి కోసం వెతుకుతుంటే డింగోల గుహల దగ్గర పాప కోటు దొరికింది. లిండీ జైలు నుంచి బయటికొచ్చింది. 1988లో కోర్టు శిక్షను రద్దుచేసింది. డింగోయే కారణమని అధికారికంగా రాయడానికి మాత్రం 2012 దాకా పట్టింది. జాడగాళ్లు మర్నాడే చెప్పిన మాటది!

నిప్పు సంగతీ అంతే. చలికాలంలో అక్కడో ముక్క ఇక్కడో ముక్క గడ్డిని కావాలనే కాల్చడం అనంగుల పద్ధతి. కొత్త చిగుళ్లు వస్తాయి, ఎండుగడ్డి పేరుకోదు. వాళ్లను దూరం పెట్టాక ఆ అలవాటు ఆగింది. 1976లో పెద్ద కార్చిచ్చు రేగి పార్కులో చాలాభాగాన్ని బూడిదచేసింది. ఆ తర్వాతగానీ అధికారులు పాత పద్ధతిని మళ్లీ నేర్చుకోలేదు.

గిరిప్రదక్షిణ చేద్దామా!

మరి ఎక్కకపోతే అంతదూరం వెళ్లి ఏం చేయాలి? చుట్టూ నడవాలి. సింహాచలంలోనో అరుణాచలంలోనో గిరిప్రదక్షిణ చేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఉలూరు చుట్టూ దారి 10.6 కిలోమీటర్లు. మూడున్నర గంటలు పడుతుంది. దూరం నుంచి నున్నగా ఒకే ముద్దలా కనిపించిన కొండ, దగ్గరికెళ్తే అలల్లా, తేనెపట్టులా, తెరిచిన నోళ్లలా మారిపోతుంది. అడుగడుగునా గుహలు. ఓ గుహలో పెద్దలు పిల్లలకు పాఠాలు చెప్పేవారు. గోడమీద ఆ బొమ్మలింకా ఉన్నాయి. ఓ గుహ కప్పంతా పొగచూరి ఉంటుంది, అది వంటిల్లు. కొన్నిచోట్ల 'ఫొటోలు తీయొద్దు' అని బోర్డులుంటాయి. అవి పవిత్ర స్థలాలు. మగవాళ్లవి ఆడవాళ్లు, ఆడవాళ్లవి మగవాళ్లు ఫొటోల్లో కూడా చూడకూడదు. మరి చూస్తే ఏమవుతుందన్న వాదన అక్కడ అనవసరం. అతిథికి ఆ ఇంటి పద్ధతి తెలిస్తే చాలు కదా!

నడక మొదలయ్యేముందు 1995లో కట్టిన సాంస్కృతిక కేంద్రానికి వెళ్లాలి. మట్టి ఇటుకల ఆ భవనం కునియా, లీరు పాముల ఆకారంలో మెలికలు తిరిగి ఉంటుంది. అనంగు స్త్రీలు నేలమీద కూర్చుని బొమ్మలు వేస్తుంటారు. ఆ బొమ్మలు చూస్తే మనవాళ్లకు చుక్కల ముగ్గులే గుర్తొస్తాయి. వలయాలంటే నీటిగుంటో విడిదో. గుర్రపునాడా లాంటి గుర్తు కూర్చున్న మనిషి. పూర్వం ఇసుకమీదా ఒంటిమీదా గీసుకునే గుర్తులివి. 1971లో ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యాన ఉన్న పాపున్యాలో జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు ప్రోత్సాహంతో అక్కడి పెద్దలు బడి గోడమీద తేనెచీమల కథను చిత్రించారు. అక్కణ్నుంచి ఆ కళ బోర్డుల మీదికీ కాన్వాసు మీదికీ, తర్వాత ప్రపంచంలోని పెద్దపెద్ద మ్యూజియాల్లోకీ వెళ్లింది. ఆ చుక్కల వెనక ఓ కిటుకుంది. బయటివాళ్లు చూడకూడని గుర్తుల్ని కప్పేయడానికి కూడా చుక్కలు పనికొచ్చాయి.

గైడుగా వచ్చే అనంగు పెద్దలతో నడిస్తే బీడులా కనిపించిన నేల కాస్తా సంతలా మారిపోతుంది. ఎండుద్రాక్షలా ముడుచుకునే ఎడారి టమాటా, క్వాన్‌డాంగ్ అనే ఎర్రటి పండు, చెట్టువేళ్లలో దొరికే లావుపాటి మాకు పురుగు, పొట్టనిండా తేనె దాచుకునే చీమలు... అన్నీ ఆహారమే. గడ్డి గింజల్ని రాతిమీద నూరి రొట్టె కాలుస్తారు. ముళ్లగడ్డి నుంచి జిగురు తీసి ఈటెలకు అతుకులేస్తారు. ఆడవాళ్లు 'పిటి' అనే చెక్క తొట్టెను తలమీద పెట్టుకుని నీళ్లు మోసేవారు. కింద ఒత్తుగా గుండ్రటి చుట్ట. ముమ్మూర్తులా మన చుట్టకుదురే!

చీకటి పడితే చుక్కలు నేలకు దిగినట్టుంటాయి. మనం కృత్తికలు అనే నక్షత్రాల గుంపును వాళ్లు ఏడుగురు అక్కచెల్లెళ్లు అంటారు. న్యీరు అనేవాడు వాళ్లను తరుముతూ వచ్చాడట. ఒరాయన్ మండలంలో ఉన్నది వాడే. ఎంత తరిమినా అందుకోలేడు!

మాలా తిరిగొచ్చింది

ఉలూరు కథలో కీలకమైన మాలా వాలబీ కుందేలంత జీవి. బయటినుంచి తెచ్చిన నక్కలు, పిల్లులు, కార్చిచ్చులు కలిసి ఆ జాతిని ఊడ్చేశాయి. 1990ల మొదటికల్లా ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలోని అడవుల్లో అది కనుమరుగైంది. కథలో ఉంది, కొండమీద ఉంది, నేలమీదే లేదు! అనంగులూ పార్కు సిబ్బందీ కలిసి 170 హెక్టార్లకు కంచె వేసి 2005లో 24 మాలాలను తెచ్చి వదిలారు. ఇప్పుడవి పిల్లాపాపలతో ఎన్నో రెట్లు పెరిగాయి.

అన్నీ ఇలా సుఖాంతాలు కావు. 2017 మేలో ఆస్ట్రేలియా అంతటి నుంచీ ఆదివాసి ప్రతినిధులు ఇక్కడే సమావేశమై, తమ బతుకుల గురించి చట్టాలు చేసేటప్పుడు తమ గొంతు కూడా వినేలా రాజ్యాంగంలో చోటివ్వమని దేశాన్ని అడిగారు. దాన్నే 'ఉలూరు హృదయ ప్రకటన' అంటారు. 2023 అక్టోబరు 14న ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే దాదాపు 60 శాతం 'వద్దు' అన్నారు. కొండ గురించి విన్నపాన్ని మన్నించిన దేశం, మనుషుల గురించి విన్నపాన్ని ఇంకా మన్నించాల్సి ఉంది.

అయినా అనంగులకు ఎదురుచూడటం కొత్తకాదు. పార్కు కార్యాలయానికి ఏళ్లుగా ప్రపంచం నలుమూలల నుంచీ పార్సిళ్లు వస్తుంటాయి. విప్పితే ఎర్రటి రాళ్లు, ఇసుక పొట్లాలు. ఎప్పుడో గుర్తుగా జేబులో వేసుకెళ్లినవాళ్లు 'తప్పైపోయింది, వీటిని వాటి చోట పెట్టండి' అని ఉత్తరం రాసి మరీ పంపుతారు. సిబ్బంది వాటిని 'సారీ రాళ్లు' అంటారు. గులకరాయంత ముక్క కూడా ఆ కొండదేనని తెలుసుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కోసారి ముప్ఫై నలభై ఏళ్లు పడుతుంది. ఆలస్యమైతేనేం... రాళ్లు ఇల్లు చేరుతున్నాయి!

వెళ్లాలనుకుంటే...

* సిడ్నీ, మెల్‌బోర్న్‌లాంటి నగరాల నుంచి ఉలూరు దగ్గరి ఏయర్స్ రాక్ విమానాశ్రయానికి నేరుగా విమానాలున్నాయి. బస యులారా అనే చిన్న పట్నంలో. కొండ పక్కనున్న మోటళ్లను 1984లో మూసేసి బసలన్నీ అక్కడికి మార్చారు.

* మే నుంచి సెప్టెంబరు వరకూ మంచి కాలం. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ వేసవంటే మనకు చలికాలం. జూన్, జులై రాత్రుళ్లు సున్నాకన్నా కిందికి పోతాయి, స్వెట్టర్లు తప్పనిసరి.

* ఎండాకాలంలో ప్రదక్షిణ ఉదయం 11లోపు ముగించాలి. నీళ్లు దగ్గరుంచుకోవాలి. ఈగలకు ముఖంమీద వేసుకునే వల ఉంటే మేలు.

* పడమటికి 30 కిలోమీటర్ల దూరంలో కాటా జూటా ఉంది. 36 గుండ్రటి కొండల గుంపు. పేరుకు అర్థం 'చాలా తలలు'. మగవాళ్లకు సంబంధించిన పవిత్ర స్థలం కాబట్టి దాని కథలు బయటికి చెప్పరు.

* పార్కు ప్రవేశ రుసుములో నాలుగోవంతు అనంగులకు చెందుతుంది.

* ఒక్క మాట నేర్చుకుంటే చాలు... 'పల్యా'. నమస్తే, బాగుంది, వెళ్లొస్తాం... అన్నిటికీ అదే!